ఇమాస్ బోడి బొమ్మలు

"మీ బొమ్మ మీరే ఉంచుకోండి" అంటూ మొదటి తల్లి గుమ్మంలోకి వచ్చేసరికి ఇమాస్ ఇంకా టీ నీళ్లయినా పొయ్యెక్కించలేదు. రెండో తల్లి వచ్చి అరుస్తుండగా అన్నం అడుగంటింది. మూడో ఆవిడైతే తను రాలేదు, కూతురి చేత పంపింది. ఆ పిల్ల బొమ్మను వసారా మెట్టు మీద పడుకోబెట్టి, దాని మొహం మీద జేబురుమాలు కప్పి, ఏడుస్తూ పారిపోయింది. మధ్యాహ్నం నమాజు పిలుపు వినపడే వేళకి, ముందురోజు మసీదు బడి పండక్కి పంచిన బొమ్మలన్నీ దాదాపుగా ఇమాస్ వసారాలోకే తిరిగొచ్చాయి.

అన్నీ బుద్ధిగా ఉన్నాయి. మణికట్టు దాకా చేతులు, మడమల దాకా అంగీలు, అంచుల్లో కవాలు ఊరి ఎంబ్రాయిడరీ, కాళ్లకు మేజోళ్లు. తలల మీద ముసుగులు మాత్రం లేవు, పిల్లలు పీకేశారు. ముసుగు కింద ఉండాల్సిన జుట్టూ లేదు. నున్నగా బోడితలలు. ఎండ పడి మెరుస్తున్నాయి.

ఇమాస్‌కి ఒళ్లు మండిపోయింది. మండదా మరి? ఆ జుట్టు వద్దన్నదెవరు? ఈ ఊరే. ఈ ఊరి ఆడవాళ్లే. మొన్నటిదాకా ఇమాస్ బొమ్మలకు జుట్టుండేది. శుక్రవారం శుక్రవారం ఖురాను చదువుకోవడానికి చేరే ఆడవాళ్ల గుంపులో ఒక్కొక్కరూ బొమ్మను చేతిలోకి తీసుకోవడం, పెళ్లిచూపులకొచ్చినట్టు అటూ ఇటూ తిప్పి చూడటం.

"ఇమాస్, నుదుటి దగ్గర నాలుగు వెంట్రుకలు బయటికొచ్చాయే" అనేది హజ్ చేసొచ్చిన రొహాయా అత్త. ఆవిడ మాటకి ఊళ్లో ఎదురు లేదు.

"అది బొమ్మ, అత్తా."

"బొమ్మే. మనవరాలు దాన్ని చూసే కదే నేర్చుకునేది! రేపు అదీ నాలుగు వెంట్రుకలు బయటికి లాక్కుని తిరిగితే నువ్వు జవాబు చెప్తావా?"

ఇంకొకావిడకి పాదాలు కనపడకూడదు. సరే, బియ్యపు గింజంత కాలివేళ్లకు మేజోళ్లు కుట్టింది ఇమాస్. బడి పంతులమ్మకి ముసుగు రంగు మరీ కళ్లు చెదిరేట్టు ఉండకూడదు. వేరొకావిడకి రంగు మరీ ఏడుపుగొట్టుగా ఉండకూడదు. ఒకరేమో అంగీ వదులుగా కుట్టమంటారు, వదులుగా కుడితే ఇంకొకరు "ఇదేంటే, బొమ్మ కడుపుతో ఉందా?" అని నవ్వుతారు. మనుషుల బట్టలు కుట్టినన్నాళ్లూ ఇమాస్‌ని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. జానెడు బొమ్మకి గుడ్డ తొడిగేసరికి ఊరు ఊరంతా దర్జీలైపోయారు. తల ప్రాణం తోకకొచ్చింది ఆవిడకి.

ఆ నాలుగు వెంట్రుకల గొడవ మాత్రం తేలలేదు. ఎన్ని పిన్నులు గుచ్చినా ముసుగు జారేది, జుట్టు తొంగిచూసేది. చివరికి బాందుంగ్ బజారులో బొమ్మలమ్మేవాడు ఒక దారి చూపించాడు. "జుట్టే లేని బొమ్మలున్నాయక్కా. ముసుగు ఎలా కూర్చుంటుందో చూడండి, చర్మంలా అతుక్కుపోతుంది." ఇమాస్‌కి ప్రాణం లేచొచ్చింది. బస్తా నింపి తెచ్చేసింది. శుక్రవారం గుంపులో చూపిస్తే రొహాయా అత్త కళ్లజోడు పెట్టుకుని మరీ వెతికింది. ఒక్క వెంట్రుక లేదు. "ఇదీ పద్ధతంటే!" అని అందరికీ వినపడేట్టు మెచ్చుకుంది. బడిపండక్కి అవే పంచుదామని అక్కడికక్కడే అనేసుకున్నారు.

కాదన్నది ఒక్కర్తే. నజ్వా. మూడో తరగతి చదివే పిల్ల. బస్తా విప్పిన రోజే ఒక బొమ్మ ముసుగు ఎత్తి చూసి, "అమ్మా, ఇవి బోడివి" అంది.

"తెలుసు. కింద పెట్టు."

"ఇంటికెళ్లాక ఏం చేస్తాయి?"

"ఎవరింటికే?"

"వాటింటికి. ఇంటికెళ్లి ముసుగు తీసేస్తాయి కదా. అప్పుడు ఏం దువ్వుకుంటాయి?"

"బొమ్మకి ఇల్లేంటే, దువ్వుకోడమేంటే! బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టే మాటలూ నువ్వూ. కింద పెట్టమన్నానా!"

ఇప్పుడు ఆ బోడిగుండ్లన్నీ వసారాలో కూర్చుని ఆవిడనే చూస్తున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం.

ఇమాస్ పుట్టింది, పెరిగింది, పెళ్లాడింది, అంతా కవాలులోనే. ఈ ఊళ్లో ఆడపిల్లకి అక్షరాలు వస్తాయో రావో గానీ, మిషను పెడలుకి కాలందిన రోజునుంచీ అంచు కుట్టడం వచ్చేస్తుంది. ఏ సందులో నిలబడ్డా మిషన్ల చప్పుడే. ఆడవాళ్లు నమాజుకి ఒంటినిండా వేసుకునే తెల్లటి ముసుగంగీలు ఇక్కడ తయారై ఎక్కడెక్కడికో పోతాయి. ఇమాస్ తల్లి అవే కుట్టి ఇద్దరు కూతుళ్లను పెంచింది. పెద్దది ఇమాస్. చిన్నది వివిన్. ఇమాస్‌కి పనితనం వచ్చింది, నోరూ వచ్చింది. వివిన్‌కి జుట్టు వచ్చింది. నడుం దాటిన జడ. అది దువ్వి అల్లడం అక్క పని. చేతులు పడిపోయేవి ఇమాస్‌కి. దువ్వెనతోనే నెత్తి మీద ఒకటిచ్చి, "నీ జుట్టు తగలెయ్య! సగం నాకిచ్చి పుట్టకూడదటే" అని తిట్టేది. వివిన్ కిసుక్కున నవ్వేది.

ఇమాస్‌ని దీదిన్ కట్టుకున్నాడు. ఇంటి వెనక గుంటలో చేపలు పెంచుతాడు, బైకు మీద జనాన్ని ఎక్కించుకుని బజారుకీ ఆసుపత్రికీ తిప్పుతాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు ఇమాస్ తీరుస్తుంది. వాళ్లకి పిల్లలు కలగలేదు. వివిన్‌కి ఆడపిల్ల పుట్టిన ఏడాదికే ఆమె మొగుడు గరుత్ ఊళ్లో ఇంకో కాపురం పెట్టాడు. పాలు మరిచీ మరవని పిల్లని, నజ్వాని, అక్క ఒళ్లో పెట్టి, వివిన్ జెడ్డాలో ఇంటిపనికి వెళ్లింది.

రెండేళ్లలో వచ్చేస్తానంది. వస్తానన్నప్పుడల్లా ఏదో ఒకటి. ఒకసారి యజమానురాలి కాలు విరిగింది. ఒకసారి విమానాలాగిపోయాయి. ఒకసారి ఇల్లు కట్టే డబ్బు ఇంకా చాలలేదు. ఆ మధ్యలో నజ్వా నడిచింది, మాట్లాడింది, పళ్లూడాయి, పళ్లొచ్చాయి. ఇమాస్‌ని "అమ్మా" అంది. ఫోనులో కనపడే ఆవిడ "జెడ్డా అమ్మ" అయింది. ఎవరూ నేర్పలేదు, దానంతటదే పెట్టుకుంది ఆ పేరు.

బొమ్మల పని కూడా ఆ పిల్ల వల్లే తగులుకుంది. బజారులో కొన్న బొమ్మకి రెండు వేళ్ల వెడల్పు గుడ్డ తప్ప ఇంకేం లేదు. "దీనికి చలేస్తోంది, నమాజుకి కూడా ఏం లేదు" అని పిల్ల గోల. నమాజు అంగీలు కత్తిరించగా మిగిలిన ముక్కలతో ఇమాస్ దానికి అంగీ, ముసుగు, బుల్లి నమాజు అంగీ కుట్టింది. పక్కింటి పిల్ల చూసింది, తనకీ కావాలంది. ఆ పక్కింటి పిల్ల చూసింది. అంతే, కొరివితో తల గోక్కున్నట్టయింది ఇమాస్ పని.

ఫోను జెడ్డా నుంచి వారానికోసారి వచ్చేది. వివిన్ ఆ ఇంటి వంటగదిలో నిలబడి మాట్లాడేది. మగవాళ్లు వస్తూ పోతూ ఉంటారు కాబట్టి ఎప్పుడు చూసినా గట్టిగా చుట్టిన ముసుగు, అందులో గుండ్రటి మొహం. ఒకరోజు ఫోను పెట్టేశాక నజ్వా అడిగింది.

"అమ్మా, జెడ్డా అమ్మకి జుట్టుందా?"

"ఉండక? గుమ్మడికాయనుకున్నావా?"

"మరెప్పుడూ కనపడదేం?"

"మగాళ్లు తిరిగే ఇల్లు. తీయదు."

"పడుకునేటప్పుడు?"

"పడుకుని ఫోను చేస్తుందా ఏం? దానికున్న జుట్టు ఈ ఊళ్లో ఎవరికీ లేదు. ఇదిగో, ఇక్కడిదాకా" అని ఇమాస్ తన నడుం కింద చెయ్యి పెట్టి చూపించింది. "పో, పోయి చదువుకో!"

అప్పట్నుంచీ మొదలైంది రోగం. ఇంట్లోకి ఏ కొత్త బొమ్మొచ్చినా నజ్వా ముందు ముసుగు ఎత్తి చూస్తుంది. పిన్నులు గుచ్చి, మడతలు సర్ది, ఇమాస్ ముస్తాబు చేసి పెట్టిన వరస మొత్తం ఆ పిల్ల బడినుంచి వచ్చిన కాసేపట్లో విప్పేసి ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పినా గోడకు చెప్పినట్టే. "నీ చేతులు విరగ్గొడతా" అంటే, "చూసి మళ్లీ పెట్టేస్తానుగా" అంటుంది. పెడుతుంది కూడా. వంకరగా.

ఇలా ఉండగా రంజాన్ వెళ్లాక వివిన్ వచ్చింది. నిజంగానే వచ్చింది. వ్యాను కట్టించుకుని వెళ్లి తీసుకొచ్చారు. మనిషి చిక్కిపోయింది. నజ్వా దీదిన్ వెనకనుంచి బయటికొచ్చి, తల్లి చెయ్యి అందుకుని నుదుటికి తాకించుకుంది, ఊళ్లో పెద్దవాళ్లందరికీ చేసినట్టే. "బాగున్నారా?" అని అడిగింది. వివిన్ చేతులు చాచేలోపే మళ్లీ పెదనాన్న వెనక్కి వెళ్లిపోయింది.

వచ్చిన దగ్గర్నుంచీ వివిన్ ఇంట్లో చుట్టంలా కూర్చుంది. పెట్టింది తినడం, తిన్న పళ్లెం కడిగేయడం, గోడకి ఆనుకుని కూర్చోవడం. నెత్తిన ముసుగు తీయలేదు. పొద్దున్న లేచేసరికే ఉంటుంది. స్నానం చేసి తువ్వాలు చుట్టుకుని వస్తుంది, గదిలోకి పోయి ముసుగుతో బయటికొస్తుంది. రాత్రి పడుకుంటే బిగుతు టోపీ.

"ఏమే, ఉడికిపోవట్లేదూ?" అంది ఇమాస్.

"అలవాటైపోయిందక్కా."

ఇమాస్ ఆలోచించింది. దాని బావ ఇంట్లో ఉన్నాడు కదా, బావ ముందు తీయదు, అక్కడ పెద్దింట్లో పద్ధతులు నేర్చుకొచ్చింది, న్యాయమే. వెంటనే మొగుణ్ణి కేకేసింది.

"ఏమయ్యా! నువ్వు కొన్నాళ్లు బయటుండు."

"బయటంటే?"

"వీధి చివర కాపలా పాక లేదూ? చాప పట్టుకుపో."

"నేనేం చేశానే?"

"మగాడివై పుట్టావు. చాలదా?"

దీదిన్ చాప చంకన పెట్టుకుని పోయాడు. వేళకి అన్నం పళ్లెం అక్కడికే వెళ్లేది. పాకలో కాపలా కాసేవాళ్లు "ఏం బావా, అక్క గెంటేసిందా?" అని ఆడుకునేవాళ్లు. పాపం, నవ్వి ఊరుకునేవాడు. ఇంత చేసినా వివిన్ ముసుగు తీసిందా? లేదు. ఇమాస్ తలుపేసింది, కిటికీ తెర లాగింది, కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి తెచ్చింది.

"రా, తల అంటుతా. చిన్నప్పట్లా."

"వద్దక్కా. తర్వాత."

"ఇల్లు నీదే, నేను నీ అక్కని, ఇది నీ కడుపున పుట్టింది. ఎవరికి దాస్తున్నావే?"

వివిన్ మొహం గోడవైపు తిప్పుకుంది. నూనె చల్లారిపోయింది. ఇమాస్‌కి ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. ఆ నూనె తీసుకెళ్లి మిషనుకి పోసింది.

పిల్ల ఏమో తల్లి దగ్గరికి పోదు. దూరంగా కూర్చుని చూస్తుంది, అంతే. వివిన్ తెచ్చిన నల్ల అంగీ జెడ్డా బొమ్మని తీసుకుంది, "థాంక్సండీ" అంది, ముసుగు ఎత్తి చూసింది. అందులో జుట్టుంది. చూసి, దించేసి, అలమారలో పెట్టేసింది. రాత్రి ఇమాస్ పక్కనే పడుకుంటుంది. తల్లి ఇంకో గదిలో.

నెల తిరక్కముందే వివిన్‌కి ఏజెంటు ఫోను చేశాడు. పాత యజమానురాలే మళ్లీ రమ్మంటోందట. "వెళ్లిపోతానక్కా" అంది వివిన్, టీ తాగుతూ, అన్నం వండుతాను అన్నంత మామూలుగా. "ఇక్కడ దానికి నేనెవర్ని? అక్కడుంటే డబ్బైనా పంపుతాను. దగ్గరికి రాని పిల్లని ఈడ్చి ఒళ్లో కూర్చోబెట్టుకోలేను కదా. గురువారం సాయంత్రం ఫోను చేస్తాడు, మాట చెప్పేయాలి."

ఆ మాట విన్నప్పుడు ఇమాస్‌కి మొదట కలిగింది బాధ కాదు. ఊరట. పిల్ల నాకే ఉంటుంది అనుకుంది. టీ గ్లాసు కింద పెట్టేంతసేపు అనుకుంది. పెట్టాక తన మీద తనకే అసహ్యం వేసి, గ్లాసు మళ్లీ తీసి నేలకి ఠక్కున కొట్టింది.

"పోవే, పో! పోయి ఆ వంటగదిలోనే ముసలిదానివైపో! పిల్ల రాలేదట! నువ్వు పలకరిస్తే కదా రావడానికి? చుట్టాలింటికొచ్చినట్టు గోడకతుక్కుని కూర్చుంటే రావడానికి అది పిల్లా, పిల్లిపిల్లా?"

వివిన్ గ్లాసు కడగడానికి లేచింది.

ఆ గురువారమే ఈ బోడి బొమ్మలు తిరిగొచ్చి పడ్డాయి. కష్టాలు ఒంటరిగా రావంటారు కదా.

మధ్యాహ్నం నమాజయ్యాక రొహాయా అత్త స్వయంగా వచ్చింది, తన మనవరాలి బొమ్మను చేతిలో పట్టుకుని.

"ఏమే ఇమాస్, జుట్టు లేకుండా ఎలా చేశావే? పిల్ల రాత్రంతా నిద్రపోలేదు. జబ్బు చేసిందా దీనికి అని అడుగుతోంది."

"అత్తా! ఒక్క వెంట్రుక కనపడకూడదన్నది మీరు కాదూ?"

"కనపడకూడదన్నాను. ఉండకూడదన్నానా?"

ఇంక దానితో ఏం వాదిస్తాం? ఇమాస్ రెండు చేతులూ జోడించి, "తప్పైపోయిందత్తా, వెళ్లండి, జుట్టు మొలిపించి పంపుతా" అని సాగనంపింది. లోపలికొచ్చి నల్లదారం రీళ్లున్న డబ్బా నేలమీద బోర్లించింది. గుడ్డతో చిన్న టోపీ కుట్టి, దారాల్ని పాపిడి దగ్గర వరసగా పట్టి కుట్టి, టోపీని బంకతో తలకి అతికించాలి. ఒక్కొక్క బొమ్మకి ఒక్కొక్క తల. తలచుకుంటేనే నడుం నొప్పి.

బడినుంచి నజ్వా వచ్చింది. వసారాలో బొమ్మల్ని చూసింది. "నే చెప్పలేదూ" అని మాత్రం అనలేదు, అంటే దెబ్బలు తప్పవని తెలుసు. సంచీ విసిరేసి దారం కత్తిరించడానికి కూర్చుంది.

వివిన్ గోడ దగ్గర్నుంచి కాసేపు చూసింది. పని కళ్లముందు పెట్టుకుని చేతులు ముడుచుకుని కూర్చోవడం ఈ ఇంటి ఆడవాళ్లకి చేతకాదు. మెల్లగా జరిగొచ్చి, సూది అందుకుంది. ముగ్గురూ కింద కూర్చున్నారు. వివిన్ చెయ్యి అక్క చెయ్యికన్నా చురుగ్గా ఆడింది. పాపిడి తిన్నగా వచ్చింది. నజ్వా దాన్ని చూసి, తను కత్తిరించిన దారాలు ఇమాస్‌కి ఇవ్వడం మానేసి వివిన్ ముందు పెట్టడం మొదలెట్టింది. ఇమాస్ చూసీ చూడనట్టు ఊరుకుంది.

మొదటి బొమ్మకి బంక ఆరింది. నజ్వా దాన్ని దువ్వి, ముసుగు చుట్టి, పిన్ను గుచ్చింది. మళ్లీ పిన్ను తీసింది.

"చూడండి, ఇది ఇంటికొచ్చింది. రాగానే తీసేయాలి. లేకపోతే తల నొప్పెడుతుంది దీనికి" అని వివిన్‌కి చెప్పింది, పాఠం చెప్పినట్టు.

"ఊ" అంది వివిన్.

"మీకు నొప్పెట్టదా?"

వివిన్ సూది ఆగింది. "పెడుతుంది."

"మరి తీసేయండి. పెదనాన్న కూడా లేరుగా. పాపం, పాకలో దోమలు కుడుతున్నాయట."

ఇమాస్‌కి నవ్వొచ్చింది, కానీ చెల్లెలి మొహం చూసి నవ్వలేదు. వివిన్ చెయ్యి గడ్డం కింది పిన్ను దాకా వెళ్లి అక్కడే ఉండిపోయింది. తీయదూ, దించదూ. నజ్వా ఎంతసేపని చూస్తుంది? లేచి, వెనక్కి వెళ్లి, మోకాళ్ల మీద నిలబడి, బొమ్మలకి అలవాటైన వేళ్లతో ఆ పిన్ను తనే లాగేసింది. ముసుగు తీసింది. కింద బిగుతు టోపీ ఉంది. అదీ తీసింది.

జడ లేదు. నడుం దాకా కాదు కదా, చెవుల దాకా కూడా లేదు. మగపిల్లాడి క్రాపంత, అదీ ఎగుడుదిగుడుగా, వెనకవైపు చర్మం కనపడేట్టు. మధ్యమధ్య తెల్లవెంట్రుకలు.

ఇమాస్ చేతిలో బొమ్మ కింద పడింది. "ఓరి అల్లా! ఏమైందే? ఏదే నీ జుట్టు?"

"మక్కాకి ఉమ్రా యాత్రకి వెళ్లినప్పుడు కత్తిరించుకున్నానక్కా" అంది వివిన్, నేల చూస్తూ.

"ఎవరికి చెప్తున్నావే? ఉమ్రాకి గుండు గీయించుకునేది మగాళ్లు! ఆడది వేలికొనంత కత్తిరిస్తే చాలని ఈ ఊళ్లో చంటిపిల్లనడిగినా చెప్తుంది! ఎవరు చేశారు?"

వివిన్ గబగబా చెప్పేసింది. "కూరలో వెంట్రుకొచ్చింది. మొదటి ఏడాదే. మేడమ్ కూర్చోబెట్టి కత్తెర పెట్టింది. పెరిగినప్పుడల్లా పెట్టేది. మిగతా అన్నిట్లోనూ చెడ్డది కాదక్కా. మక్కాకి తీసుకెళ్లింది, బట్టలిచ్చింది. ఇదొక్కటే. నువ్వేమో పిల్లకి నా జడ గురించి చెప్తూ ఉంటావు. ఫోనులో అడిగేది, అమ్మా మీ జుట్టు ఇక్కడిదాకా ఉంటుందటగా అని. ఇక్కడికొచ్చి ఈ తల ఎలా చూపించను దానికి?"

ఇమాస్ కింద పడిన బొమ్మని తీసి ఒళ్లో పెట్టుకుంది. ఏళ్ల తరబడి పిల్ల ముందు ఊరించింది తనే కదా, ఇక్కడిదాకా అని నడుం చూపించి. తిట్టాల్సినవాళ్లు సముద్రం అవతల ఉన్నారు. ఇక్కడ దొరికింది తన నోరొక్కటే.

నజ్వా ఇంకా వెనకే ఉంది. తల్లి నెత్తి మీద అరచెయ్యి పెట్టింది. ముందుకీ వెనక్కీ నిమిరింది. వంగి దగ్గర్నుంచి చూసింది. ఏడుస్తుందేమోనని ఇమాస్ ముందుకి జరిగింది. పొద్దున్న ఈ ఊరి పిల్లలందరూ బోడితల చూసి ఏడ్చినవాళ్లే.

ఆ పిల్ల ఏడవలేదు. చేతిలో దారం తల్లి ఈ చెవి నుంచి ఆ చెవి దాకా పట్టి కొలిచింది. పెదవులు కదిలిస్తూ ఏదో లెక్కేసుకుంది.

"అమ్మా" అంది ఇమాస్ వైపు చూసి. "నల్లదారం ఇంకా ఉందా? ఈ అమ్మకి చాలా పడుతుంది."

వివిన్ భుజాలు అదిరాయి. నవ్వో ఏడుపో తెలీదు. మొహం రెండు చేతుల్తో మూసుకుంది.

అదే సమయానికి ఫోను మోగింది. ఏజెంటు. కాస్త ఆగి చేస్తే వాడి సొమ్మేం పోయింది? వివిన్ కళ్లు తుడుచుకుంటూ లేవబోయింది.

"కదలకు!" అని నజ్వా రెండు చేతులతో తల పట్టుకుని కూర్చోబెట్టేసింది. "కొలత పోతుంది."

వివిన్ కదల్లేదు. తల అలాగే ఉంచి, కళ్లు మాత్రం అక్క వైపు తిప్పింది. "అక్కా. నువ్వే చెప్పెయ్."

"ఏం చెప్పను?"

"నువ్వు చెప్పాలనుకున్నదే."

ఇమాస్ ఫోను అందుకుంది. అవతలివాడు సలాం చెప్పేలోపే మొదలెట్టింది. నెల రోజుల నుంచి కడుపులో దాచుకున్నది, పొద్దుట్నుంచి బొమ్మల మీద చూపించలేకపోయినది, సముద్రం అవతలివాళ్లకి చేరని మాట, మొత్తం వాడి చెవిలో పోసింది. వాడు పాపం మధ్యలో "అక్కా, నేను... అక్కా..." అంటూనే ఉన్నాడు. రాదు, ఎప్పటికీ రాదు, ఇంకోసారి ఫోను చేస్తే నీ ఇంటికొచ్చి నీ క్రాపు నేను చేస్తాను అని పెట్టేసింది.

పెట్టేసి డబ్బా చూసింది. అడుగున ఒక్క రీలు. బొమ్మలేమో ఇంకా వరసగా బోడిగా కూర్చునే ఉన్నాయి. కళ్లు ముసుగు కొసతో ఒత్తుకుని, వసారాలోకి వెళ్లి, వీధి చివరి పాకకి వినపడేట్టు కేకేసింది.

"ఏమయ్యా! బజారుకెళ్లు! నల్లదారం పట్రా!"

"ఎంత?" అని అటునుంచి కేక.

ఇమాస్ వెనక్కి తిరిగి చూసింది. నజ్వా తల్లి భుజం మీద గడ్డం ఆనించి, ఆ ఎగుడుదిగుడు జుట్టుని బొమ్మల దువ్వెనతో ఒకవైపుకి దువ్వుతోంది.

"ఉన్నదంతా!" అని అరిచింది ఇమాస్. "కొట్లో ఉన్నదంతా పట్రా!"